ఎడమవైపు మెట్టు

"అక్కా, తలలు రెడీయా? మొండేలు వచ్చేశాయి, సంచి పంపిస్తున్నా!"

షాపావిడ ఫోన్లో మాట్లాడితే స్పీకరు నొక్కక్కర్లేదు, ఆవిడ గొంతే స్పీకరు. ఒకసారి ఈ మాట విని, మెట్లు దిగుతున్న పై వాటా ఆయన రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. తలుపు తీసి ఉన్న గదివైపు బిక్కచచ్చిపోయి చూశాడు. లోపల కూర్చుని అల్లుతున్న ఆమె, ఒళ్ళో ఉన్న కుందేలు తల ఎత్తి చూపించాల్సి వచ్చింది.

"బొమ్మలండీ. ఊలు బొమ్మలు."

ఆయన నవ్వాడు. నవ్వాడే గానీ, అప్పట్నించీ ఆ గుమ్మం ముందు మాత్రం కాస్త వడివడిగానే దిగేవాడు.

అందరూ ఆమెను తలలక్క అంటారు. అందరూ అంటే ఎంతమందని! షాపావిడా, సంచి తెచ్చే ఆటో అతనూ. ఆమె క్రోషియా సూదితో బొమ్మలకి తలలు అల్లుతుంది. చెవులు కుట్టి, కళ్ళు బిగించి, ముక్కు తీరుస్తుంది. మెడ కింది భాగమంతా ఇంకెవరో అల్లుతారు. ఆ ఇంకెవరో మొండేలావిడ. తలలో మొహం ముఖ్యం, ఒంట్లో రంగులు ముఖ్యం, ఎవరికి ఏది బాగా వస్తే వాళ్ళకి అదే ఇస్తానని షాపావిడ మొదట్లోనే పని పంచేసింది. చారల చొక్కా వేసుకున్న ఒళ్ళు మెడ దగ్గర తెరిచి ఉండగానే సంచిలో వచ్చేవి. వాటిలో దూది నింపి, తల అతికించి, మొత్తం బొమ్మని షాపుకి పంపడం తలలక్క పని.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడూ చూడలేదు. పరిచయం చెయ్యమని ఆమె ఒకసారి అడిగింది.

"అమ్మో, ఎందుకూ! మీరిద్దరూ కలిస్తే నన్ను పక్కకి నెట్టేసి సొంతంగా షాపు పెట్టుకుంటారు," అని షాపావిడ నవ్వుతూనే మాట దాటేసింది. నవ్వుతూ దాటేసిన మాటని మళ్ళీ ఎత్తడం తలలక్కకి చేతకాదు.

చూడకపోతేనేం, మనిషి తెలుసు. తలలక్క ఒకప్పుడు పెద్ద ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. రోజంతా చెవి నిండా మనుషులే. మొహం తెలియని వాళ్ళ దగ్గు విని, నిట్టూర్పు విని, "లైన్లో ఉండండి" అన్నప్పుడు వాళ్ళు ఊరుకునే తీరు విని మనిషిని పోల్చుకోవడం ఆమెకి అలవాటు. ఆఫీసులో ఆ టెలిఫోన్ బోర్డు పీకేశాక చెవి ఖాళీ అయిపోయింది. తర్వాత చెల్లెలు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, గదీ ఖాళీ అయిపోయింది. మిగిలింది కిటికీలోంచి పొద్దున్నే వచ్చి, కుర్చీ కాళ్ళ దాకా పాకి, మధ్యాహ్నానికి తన దారిన తను పోయే ఎండ. ఆ ఎండలో కూర్చుని సంచి విప్పడమంటే ఆమెకి పండగే. కొత్త ఊలు వాసన, చేతికి మెత్తగా తగిలే ఒక్కో చొక్కా.

చొక్కాలో అన్నిటికన్నా ముందు ఆమె చూసేది రంగు మారిన చోటు.

రంగు మార్చడంలో కిటుకంతా కాస్త ముందుండడంలో ఉంది. పాత రంగు ఆఖరి కుట్టు పూర్తయ్యాక కొత్త దారం అందుకుంటే ఆలస్యమైపోయినట్టే. ఆ కుట్టు సగంలో ఉండగానే, సూదిమీద ఇంకా రెండు ఉచ్చులుండగానే, పాత దారం వదిలేసి కొత్త దారంతో దాన్ని ముగించాలి. అప్పుడే పక్క కుట్టు నెత్తిన కొత్త రంగు నిండుగా కూర్చుంటుంది. లేదంటే తెల్ల చారలోకి నీలం చుక్క ఒకటి పిలవని చుట్టంలా తొంగిచూస్తుంది. మొండేలావిడ చొక్కాల్లో అలాంటి చుక్క కలికానికైనా దొరికేది కాదు.

ఇంకొకటుంది. ఈ చొక్కాలు ఆగకుండా గుండ్రంగా, స్ప్రింగు చుట్టలా పైకెక్కే అల్లిక. చార మొదలైన చోటే ముగియదు, ఒక వరస పైన ముగుస్తుంది. ఆ కలిసే చోట చిన్న మెట్టు పడుతుంది. ఎంత పనిమంతులకైనా పడుతుంది, అందుకే దాన్ని బొమ్మ వీపువైపు పెడతారు. చారలు పైకి వెళ్ళేకొద్దీ ఆ మెట్లు ఓ పక్కకి జరుగుతూ పోతాయి. తలలక్క అల్లితే కుడికి జరుగుతాయి, లోకంలో చాలామందికి అంతే. మొండేలావిడవి మాత్రం ఎడమకి జరిగేవి. అంటే ఎడమచేతివాటం మనిషి. మొదటిసారి అది కనిపెట్టినప్పుడు తలలక్క గదిలో ఒక్కతే ఉండి కూడా "ఓహో, అదా సంగతి!" అని పైకే అనేసింది.

ఇక చొక్కా లోపలి సంగతి. రంగు మారిన ప్రతిచోటా రెండు దారం కొసలు మిగులుతాయి. దూది కింద పోయేవే కదా అని ఎవరైనా ఓ ముడేసి కత్తిరించేస్తారు. మొండేలావిడ మాత్రం గట్టి ముడి వేసి, దానిమీద చిన్న రిబ్బను ముడి వేసేది. చిన్నపిల్ల జడకి వేసినట్టు రెండు చెవులతో. ఎవరు చూస్తారని? దూది నింపేవాళ్ళు తప్ప ఈ భూమ్మీద ఎవరూ చూడరు. అది తనకోసమేనని తలలక్క నమ్మకం. తనూ తలల లోపల అలాంటి ముడులే వెయ్యడం మొదలుపెట్టింది. కాకపోతే తలలు ఆవిడ దగ్గరికి వెళ్ళవు. ఈ జవాబు ఆవిడకి ఏనాటికీ అందదు. అయినా వేసేది.

"ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అసలు?" చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే అడుగుతుంది.

"ఆఁ, మొండేలావిడతో."

"కలిశావా?"

"లేదు."

"ఫోన్ చేస్తుందా?"

"ఉహూఁ. చొక్కాలు పంపిస్తుంది."

"అక్కా, కోప్పడనంటే ఓ మాట. నువ్వోసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

"ఏం, నీ కొడుకు బల్లి బొమ్మకి పేరు పెట్టి పక్కలో పడుకోబెట్టుకుంటే లేదు గానీ!"

"వాడికి నాలుగేళ్ళే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేశాక నవ్వు ఇంకా మొహంమీద ఉండిపోయింది, దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఆ తర్వాత వచ్చిన సంచిలో చారల చొక్కా ఎలుగుబంట్ల ఒళ్ళున్నాయి. మొదటిదాన్ని వెనక్కి తిప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

మెట్లు కుడికి జరుగుతున్నాయి.

రెండోది చూసింది, మూడోది చూసింది. అన్నీ కుడికే. కుట్లు ఒకటి బిగుతు, ఒకటి వదులు. తెల్ల చారల్లో నీలం చుక్కలు, నీలం చారల్లో తెల్ల చుక్కలు. లోపల వేలు పెట్టి తడిమింది. ఎక్కడా రిబ్బను ముడి లేదు, మొండి కొసలే వేళ్ళకి గుచ్చుకున్నాయి. చేతిలో ఉన్నది ఒట్టి చొక్కా.

ఎవరో వచ్చారు. ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక్కమాట కూడా చెప్పలేదు. చెప్పడానికి తనెవరని?

రెండో సంచీ అలాగే వచ్చింది. మూడోదీ అంతే. బాధ కాస్తా అరికాలి మంటై నెత్తికెక్కింది. పాతావిడ మళ్ళీ రావాలి. అంతకన్నా ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. ఓ చొక్కా సంచిలో వేసుకుని నేరుగా షాపుకి వెళ్ళింది.

షాపావిడ స్టూలెక్కి పై అరలో జిరాఫీల్ని సర్దుతోంది. "రా అక్కా రా, ఆ పొడుగుదాన్ని అందించు. నీకేంటీ, మొహం అలా ఉంది?"

"మొండేలావిడని మాన్పించావా?"

"నేనా? ఎందుకు మాన్పిస్తా, బంగారంలాంటి మనిషిని!"

"మరి ఇది ఎవరు చేశారు?" చొక్కాని బల్లమీద పరిచింది. "ఇదిగో చూడు, మెట్లు ఏవైపు పోతున్నాయి? కుడికి. ఆవిడవి ఎడమకి పోతాయి. ఇది చేతిరాత లాంటిది, మారదు. ఈ చుక్కలు చూడు. ఈ చేసినవాళ్ళకి రంగు మార్చడంలో ఓనమాలు కూడా రావు. ఇది ఆవిడ చెయ్యి కాదు."

షాపావిడ స్టూలు దిగింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. "అయ్యో అయ్యో. అంటే ఇంకెవరి చేతో చేయించి నాకు అంటగడుతోందన్నమాట. బయటివాళ్ళకి ఇవ్వొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"అదేం కాదేమో..." అంది తలలక్క. ఇలా తిరుగుతుందని ఆమె అనుకోలేదు. కానీ కాదనడానికి ఆమె దగ్గరేముంది? సాక్ష్యం తనే తెచ్చి బల్లమీద పెట్టింది.

సాయంత్రానికి షాపావిడే ఫోన్ చేసింది. "అడిగేశానక్కా. ఇంక పని పంపనని కూడా చెప్పేశా. ఒక్కమాట ఎదురు చెప్పలేదు. 'సరేనమ్మా' అంది, పెట్టేసింది. తప్పు లేకపోతే ఊరుకుంటుందా?"

"సరేనమ్మా అని ఎలా అంది?"

"ఎలా అనడమేంటి? అంది."

ఎన్నో ఏళ్ళు గొంతులు విన్న మనిషికి ఆ 'ఎలా' తెలియకపోతే అన్నం సహించదు. కానీ ఆ గొంతు ఆమె చెవిన పడలేదు.

కొత్తవాళ్ళు దొరికేదాకా ఒళ్ళు కూడా తననే అల్లమంది షాపావిడ. అల్లింది. తల తనదే, ఒళ్ళూ తనదే. మెట్లు బుద్ధిగా కుడికి పోయాయి, చుక్క ఒక్కటీ లేదు. మెడ దగ్గర అతికించి బల్లమీద కూర్చోబెట్టి చూసుకుంటే ఏదో వెలితి. తన ప్రశ్నకి తనే జవాబు చెప్పుకున్నట్టుంది. ఆ బొమ్మ మొహం గోడవైపు తిప్పి, టీ పెట్టుకుంది. ఇద్దరికి సరిపడా నీళ్ళు పోసి, సగం మళ్ళీ వంపేసింది.

చెడిపోయిన చొక్కాలు ఓ సంచినిండా మిగిలాయి. ఊలు దండగెందుకు, విప్పేసి ఉండలు చుట్టమంది షాపావిడ. ఎండలో కూర్చుని తలలక్క ఒక్కోటీ విప్పసాగింది. లాగుతుంటే కుట్లు సర్రున ఊడిపోతున్నాయి. ఎంతో కష్టపడి ఎక్కిన మెట్లు, దిగడానికి క్షణం కూడా పట్టడం లేదు. ఒక చొక్కా దగ్గర దారం అడ్డం పడింది. ముడి విప్పుదామని చొక్కాని తిరగేసింది.

లోపల, మెడకి దగ్గర్లో, ఆఖరి రంగు మారిన చోట, ఒక రిబ్బను ముడి.

ముడి అనడానికి లేదు. ఒకటే చెవి ఉంది. రెండోది వెయ్యబోతే జారిపోయినట్టు కొస వేలాడుతోంది. దారం ఒకచోట నలిగి పీచులేచింది, పంటితో పట్టి లాగినట్టుంది.

బయటివాళ్ళకి ఈ ముడి ఎలా తెలుస్తుంది? వెయ్యాలని వాళ్ళకెందుకుంటుంది? పక్క చొక్కా తిరగేసింది, అందులో లేదు. ఇంకోటి చూసింది. అందులో రెండు కొసల్ని చుట్టి చుట్టి, ఇక కాదని వదిలేసిన ఉండ.

ఆమె సూదిని ఎడమచేతిలోకి మార్చుకుని, తన అల్లికలోనే ఒక కుట్టు వెయ్యబోయింది. సూది ఎటో పోయింది, దారం ఎటో పోయింది. వేసిన ఒక్క కుట్టూ వంకరగా, నత్తి మాటలా వచ్చింది.

అల్లిన మనిషి మారలేదు. మనిషి చెయ్యి మారింది.

షాపావిడకి ఫోన్ చేసింది. ఎప్పుడూ లేనిది, తనే గట్టిగా మాట్లాడింది. "నాకు ఆవిడ ఇల్లెక్కడో చెప్పు."

"ఏమైందక్కా?"

"చెప్పు ముందు. సొంత షాపు పెట్టంలే."

ఆ ఇల్లు తాళాలు బాగుచేసే కొట్టు మీద ఉంది. పక్కనున్న ఇనప మెట్లు అడుగేస్తే గంటలా మోగుతున్నాయి. పైన రెండు కుండీలు. ఒకదాంట్లో మొక్కుంది, రెండోదాంట్లో మట్టి, మట్టిలో గుచ్చిన చెంచా. తలుపు తట్టాక లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. గడియ తియ్యడానికి చాలాసేపు పట్టింది.

తలుపు తీసినావిడ తనకన్నా పెద్దది, పొట్టిగా ఉంది. జడ వేసుకోవడం కుదరదేమో, జుట్టంతా ఓ క్లిప్పులో కుక్కేసింది. ఎడమచేతికి మోచెయ్యి దాకా పిండికట్టు.

"ఎవరండీ?"

ఏమని చెప్పాలి? పేరు చెప్తే ఆవిడకేం తెలుస్తుంది? "తలలండీ," అంది ఆమె.

ఆవిడ ఓ క్షణం చూసి, "మీరా!" అంది. మొహం ఇంత అయ్యింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆ వెలుగు తగ్గిపోయింది. "రండి. కూర్చోండి. చూస్తున్నారుగా, ఇల్లు ఒంటిచేత్తో సర్దిన ఇల్లు."

ఖాళీ కుర్చీ ఒకటే ఉంది. ఇంకో కుర్చీమీద ఊలు ఉండలు. ఆవిడ కుడిచేత్తో వాటిని మంచంమీదికి తోసేసింది.

"ఎలా అయ్యిందండీ?"

"బాత్రూంలో గచ్చు తడిగా ఉంది. నేనూ తొందరగా ఉన్నా. ఎక్కడికి తొందరో ఇప్పటికీ తెలీదు," అని నవ్వింది. "షాపావిడకి చెప్తే పని ఆపేస్తుందని చెప్పలేదు. కుడిచేత్తో ఎలాగోలా లాగేద్దామనుకున్నా. ఎవరో కనిపెట్టి చెప్పారట."

తలలక్క సంచిని ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆవిడకి తెలియదు కదా.

"చెప్పింది నేనేనండీ," అంది. "మెట్లు కుడికి పోతున్నాయని. ఎవరో వచ్చి మిమ్మల్ని పంపించేశారనుకున్నాను. మీరు తిరిగి రావాలనే వెళ్ళి చెప్పాను. చూడండి నా తెలివి."

కింద కొట్టులో ఆకురాయి చప్పుడు గర్రుమంటోంది. ఆవిడ కిటికీవైపు తిరిగి, కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళని ఇంకో చేత్తో నిమురుకుంది. కోపమో, ఏడుపో. వెనకనించి తెలుసుకోవడానికి గొంతైనా లేదు.

"సరేనమ్మా అన్నారట," అంది తలలక్క, ఇంకేం తోచక.

"ఇంకేమంటాను? నా చెయ్యి కాదంది. నిజమే కదా." ఆవిడ ఇటు తిరిగింది. "మెట్లు ఎటు పోతున్నాయో కూడా చూస్తారా మీరు?"

"అన్నిటికన్నా ముందు అదే చూస్తాను. తర్వాత ముడులు."

"ముడులా?" ఆవిడ చెవులు కూడా ఎర్రబడ్డాయి. "అవి... ఊరికే. దూదిలో పోయేవే కదా, ఎవరు చూస్తారులే అని."

"నేనూ వేస్తున్నాను. తలల్లో."

"తలల్లోనా!" ఆవిడ పకపకా నవ్వింది. కట్టున్న చెయ్యి కూడా ఊగింది. "అబ్బ... నవ్వించకండి, చెయ్యి లాగుతోంది. షాపు అద్దంలోంచి మీ తలలు చూస్తుంటాను నేను. ఒక కనుబొమ్మ కాస్త పైకి పెడతారు, ప్రతిదానికీ. 'ఏంటి సంగతి' అన్నట్టు. ఈవిడ ఎవరో మహా అనుమానం మనిషి అనుకునేదాన్ని."

"కాదంటారా? ఇంతా చేశాక?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆవిడ మంచంమీదనించి ఓ అల్లిక తీసింది. పని ఆగిపోయినా మానలేదన్నమాట. "కట్టు కింద అదిమిపెట్టుకుంటే కుట్టు కుదురుతోంది గానీ రంగు దగ్గరే వస్తోంది చిక్కు. రెండు ఉచ్చులు సూదిమీద ఉంచుకుని కొత్త దారం అందుకోవాలంటే రెండో చెయ్యి కావాలి. అది లేదు. అందుకని కుట్టు ముగించేసి అప్పుడు మారుస్తున్నా. చుక్కలు పడతాయని తెలుసు. తెలిసే పడనిచ్చాను. ఆ చుక్క చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది."

ఓనమాలు రావని షాపులో అన్న మాట తలలక్కకి గుర్తొచ్చి మొహం చెల్లలేదు. కుర్చీ ముందుకి లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చోబోయింది.

"ఎదురుగా కాదు," అంది ఆవిడ. "ఎదురుగా కూర్చునే నేర్చుకున్నా జీవితమంతా. నేర్పేవాళ్ళంతా కుడిచేతివాళ్ళు, నేను అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకోవాలి. పక్కన కూర్చుంటే అంతా తిరగబడేది. ఇప్పుడు కుడిచెయ్యే కదా. పక్కకి రండి."

తలలక్క కుర్చీని తిప్పి పక్కన వేసుకుంది. భుజం భుజానికి తగులుతోంది. ఇలా ఒకరి భుజం తగిలి ఎంతకాలమైందో. ఆ ఆలోచనని అక్కడే ఆపేసి, తెల్ల ఊలు ఉండ అందుకుంది.

ఆవిడ నీలం చార ఆఖరి కుట్టు మొదలుపెట్టింది. సూది గుచ్చి, దారం లాగి, రెండు ఉచ్చులతో ఆగింది. "ఊఁ."

తలలక్క నీలం దారం పక్కకి తప్పించి, తెల్ల దారం సూది కొక్కేనికి తగిలించి, కొస బిగించి పట్టుకుంది. ఆవిడ లాగింది. తెల్లదారం రెండు ఉచ్చుల్లోంచీ జారి బయటికొచ్చింది. పక్క కుట్టు నెత్తిన తెలుపు నిండుగా కూర్చుంది. చుక్క లేదు.

ఇద్దరూ తలలు వంచి దాన్ని మరీ దగ్గరగా చూశారు.

"కట్టు ఎప్పుడు తీస్తారట?" అని అడగబోయి తలలక్క మానేసింది. తీసేస్తే మంచిదే. తీసేస్తే ఈ కుర్చీ ఎవరికి?

అడక్కుండానే ఆవిడ అంది, "కట్టు తీసినా చెయ్యి వెంటనే మాట వినదట. మొండిఘటం, నాలాంటిదే."

వెలుతురు తగ్గేదాకా అల్లారు. షాపావిడకి తలలక్కే ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అవతల్నించి "అయ్యో, నా నోరు పడిపోనూ!" అని వచ్చిన కేక మొండేలావిడకి కూడా వినపడింది, పని మళ్ళీ పంపిస్తానన్న మాట కూడా.

తలలక్క ఇనప మెట్లు దిగుతుంటే, కింద తాళాల కొట్టు ముందు ఎవరో ఇద్దరు నిలబడి ఉన్నారు. పైనుంచి ఆవిడ రెయిలింగు మీద వంగి కేకేసింది.

"ఏవండీ! రేపు వచ్చేటప్పుడు తలలు తెచ్చుకోండి! మొండేలు ఇక్కడే ఉన్నాయిగా, ఇక్కడే అతికించేద్దాం!"

కింద ఇద్దరూ ఒక్కసారి తలెత్తి చూశారు. తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

తలలక్క ఏ బొమ్మా ఎత్తి చూపించలేదు. "తెస్తానండీ!" అని తనూ గట్టిగానే అని, సంచి భుజానికి తగిలించుకుని వీధిలోకి నడిచింది.